పూర్వీకుల పొలంలో మెటల్ డిటెక్టర్ శోధన

నిర్వచనం, పరిధి

పొలం శోధన అంటే సేద్యపు నేలను మెటల్ డిటెక్టర్‌తో ఒక క్రమంలో గాలించి, మట్టిలో కలిసిపోయిన లోహపు వస్తువులను వెలికితీసి, ప్రతిదాన్నీ దొరికిన చోటుతో సహా నమోదు చేయడం. ఈ నిర్వచనంలో బరువంతా చివరి మాట మీదే ఉంది. నమోదు లేకుండా చేసేది పాత సామాను ఏరుకోవడమే అవుతుంది, దానివల్ల ఆ పొలం గురించి ఎవరికీ ఏమీ తెలియదు. ఈ వ్యాసం ప్రధానంగా ఇంగ్లండ్, వేల్స్‌లను తీసుకుంటుంది. అక్కడ ఈ పని సామాన్యుల వ్యాసంగంగా చట్టం లోపలే సాగుతోంది, దాని ఫలితాలు అందరూ చూడగలిగేలా నమోదవుతున్నాయి. తరతరాలుగా ఒకే కుటుంబం దున్నుతున్న పొలంలో మొదటిసారి డిటెక్టర్ పట్టబోయే వ్యక్తే ఇక్కడ దృష్టిలో ఉన్న పాఠకుడు. భారతదేశపు చట్టస్థితి వేరు, దాన్ని చివరి విభాగంలో చూడవచ్చు.

సొంత పొలం ఉన్నవారికి ఇతర శోధకులకు లేని సౌకర్యం ఒకటుంది. పరాయి పొలంలో అనుమతి తెచ్చుకున్నవారికి కోతకూ విత్తుకూ మధ్య దొరికే కొద్ది రోజులే గడువు. ఆ తొందరలో మంచి వస్తువులు దొరికే మూలను మాత్రమే వెతికి వెళ్లిపోతారు. కుటుంబ సభ్యులకు ఆ తొందర లేదు. పొలం మొత్తాన్ని కొన్నేళ్లపాటు, ఒక్క మడి వదలకుండా గాలించే వీలు వారికే ఉంది. అందుకే మొదటి రోజు నుంచే పటం, పుస్తకం పట్టుకొని దిగడం ఇతరులకంటే వారికే ఎక్కువ ప్రయోజనకరం.

పొలంలోకి లోహం ఎలా చేరుతుంది

సేద్యపు నేలలో దొరికే చిన్న వస్తువుల్లో చాలావాటిని ఎవరూ దాచలేదు, అవి పారేసుకున్నవి. మధ్యయుగాల నుంచి ఇంగ్లండ్‌లో ఇళ్ల చెత్త, గడ్డివాము అడుగు తుక్కు, పశువుల కొట్టంలోని పేడ కలిపి బండ్ల మీద పొలాలకు తోలేవారు. ఆ ఎరువుతో పాటు విరిగిన బెల్టు బకిల్, ఊడిన గుండీ, జారిపోయిన నాణెం, కుండ పెంకులు పొలానికి చేరాయి. తెలుగు నాట పాత ఊరి దిబ్బల నుంచి పాటిమన్ను తవ్వి చేలకు తోలిన రైతులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పాటిమన్నుతో పాటు పూసలు, పెంకులు, ఒక్కోసారి నాణేలు చేనిలో చేరడం ఇక్కడా జరిగిందే. దీన్నిబట్టి శోధకుడు మొదటే గ్రహించాల్సిన విషయం ఒకటుంది. పొలమంతా పలచగా పరుచుకున్న వస్తువులు ఎరువుతో వచ్చినవి కావచ్చు. ఒకే చోట చిక్కగా గుమిగూడినవి ఇల్లు, కళ్లం, సంత, పోరాటం వంటి దేనికో గుర్తు కావచ్చు. ఈ రెండింటినీ వేరు చేసి చూపగలిగేది పటం ఒక్కటే. వస్తువులన్నీ ఒక డబ్బాలో పోసి పెట్టుకున్నవాడికి ఈ తేడా ఎప్పటికీ తెలియదు.

చరిత్ర

నేలలోనో శరీరంలోనో కనిపించకుండా ఉన్న లోహాన్ని విద్యుత్తుతో కనిపెట్టాలన్న ప్రయత్నాల్లో పేరుకెక్కినది 1881 నాటిది. ఆ ఏడాది జూలై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్‌పై కాల్పులు జరిగాయి. ఒంట్లో దిగిన తూటాను వెతకడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఒక పరికరం తయారుచేశాడు గానీ తూటా దొరకలేదు. పరుపులోని లోహపు స్ప్రింగులు సంకేతాన్ని చెడగొట్టాయి. అధ్యక్షుడు సెప్టెంబరు 19న మరణించాడు. జర్మనీ నుంచి అమెరికాకు వలస వచ్చిన గెర్హార్డ్ ఫిషర్ 1937లో చేతితో మోసుకెళ్లే డిటెక్టర్‌కు పేటెంట్ పొందాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ సైనికాధికారి యూజెఫ్ కొసాట్స్కీ రూపొందించిన మందుపాతర శోధకాన్ని 1942లో ఎల్ అలమేన్ యుద్ధరంగంలో వాడారు. ట్రాన్సిస్టర్లు వచ్చాక పరికరం తేలికై, చవకై, 1970ల నాటికి బ్రిటన్‌లో వేలమంది చేతుల్లోకి వచ్చింది.

దాంతో వివాదం మొదలైంది. నమోదు లేకుండా వస్తువులు తరలిపోతున్నాయని 1980లో పురావస్తు సంస్థలు శోధకులకు వ్యతిరేకంగా ‘స్టాప్’ పేరుతో ప్రచారోద్యమం నడిపాయి. నార్ఫక్ కౌంటీలో మాత్రం టోనీ గ్రెగరీ వంటి పురావస్తు శాస్త్రజ్ఞులు 1970ల చివరి నుంచే వేరే దారి పట్టారు. శోధకుల క్లబ్బులకు వెళ్లి, దొరికిన వస్తువులు చూసి, గుర్తించి, చోటు రాసుకొని తిరిగి ఇచ్చేవారు. ఆ అనుభవమే దేశవ్యాప్త విధానానికి నమూనా అయింది. 1996లో ట్రెజర్ చట్టం వచ్చింది. 1997లో పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ ప్రయోగాత్మకంగా మొదలై, 2003 నాటికి ఇంగ్లండ్, వేల్స్ అంతటికీ విస్తరించింది. ఇంగ్లండ్‌లో బ్రిటిష్ మ్యూజియం ఆధ్వర్యంలో నడిచే ఈ పథకం దస్త్రంలో 15 లక్షలకు పైగా వస్తువులు నమోదయ్యాయి. నిషేధం సాధించలేనిదాన్ని ఈ సహకారం సాధించిందనడానికి ఆ దస్త్రమే ఆధారం.

పరికరం పనిచేసే తీరు (చూ. విద్యుదయస్కాంత ప్రేరణ)

డిటెక్టర్ కింది పళ్లెంలో రెండు తీగచుట్టలుంటాయి. ఒకదానిలో ప్రవహించే ఏకాంతర విద్యుత్తు నేలలోకి మారుతుండే అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. దారిలో లోహం ఉంటే అందులో సుడి ప్రవాహాలు పుట్టి, అవి తిరిగి తమ సొంత క్షేత్రాన్ని వెలువరిస్తాయి. రెండో చుట్ట దాన్ని పసిగడుతుంది. పంపిన తరంగానికీ తిరిగి వచ్చినదానికీ మధ్య దశలో ఉన్న తేడాను బట్టి లోహం ఎంత వాహకమో పరికరం అంచనా వేసి, ఒక అంకెగానూ ధ్వనిగానూ వినిపిస్తుంది. వెండి, రాగి వంటివి ఎక్కువ అంకె చూపుతాయి. చిన్న బంగారు ఉంగరం, సిగరెట్ పెట్టెలోని రేకు, కూల్‌డ్రింక్ డబ్బా మూత రింగు దాదాపు ఒకే అంకె చూపవచ్చు. కాబట్టి తెర మీది అంకెను నమ్మి తవ్వకుండా వదిలేసినవాడు చెత్తతో పాటు ఉంగరాన్నీ వదిలేస్తాడు.

సాధారణ వాడుకలో ఉన్నవి అతి తక్కువ పౌనఃపున్యంతో పనిచేసేవి. కొత్త నమూనాలు ఒకేసారి పలు పౌనఃపున్యాలు వాడతాయి. ఉప్పు తడి ఉన్న సముద్రతీరాల్లో, ఇనుప ఖనిజం ఎక్కువున్న నేలల్లో పల్స్ ఇండక్షన్ రకం మెరుగు, కానీ అది లోహాలను వేరు చేసి చెప్పడంలో బలహీనం. పొలానికి మొదటి రకం చాలు. నేల స్వభావానికి తగ్గట్టు పరికరాన్ని సర్దుకునే గ్రౌండ్ బ్యాలెన్స్ సౌకర్యం ఉండి తీరాలి. నాణెం అంత వస్తువును మామూలు యంత్రం 15 నుంచి 25 సెంటీమీటర్ల లోతు వరకు పట్టగలదు. నాగలి తిరగేసే లోతు కూడా ఇంచుమించు అంతే. శోధకుడు పనిచేయాల్సినది దున్నిన ఆ పొరలోనే కాబట్టి, ఇంకా లోతుకు వెళ్లే యంత్రం కోసం డబ్బు పోయడం మొదటివారికి అనవసరం.

ఇనుము సంకేతాలను వినిపించకుండా ఆపే సౌకర్యం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మొదటివారు దీన్ని ముందుగానే ఆన్ చేసుకుంటారు, ఎందుకంటే పొలంలో ఎక్కువగా మోగేది ఇనుమే. మేకులు, లాడాలు, బోల్టులు, విరిగిన కర్రు ముక్కలు. కానీ మేకులు గుంపుగా మోగిన చోటే ఒకప్పుడు ఇల్లో కొట్టమో ఉండి ఉండవచ్చు. ఇనుమునంతా తవ్వనక్కరలేదు, అది ఎక్కడ చిక్కగా మోగిందో పటం మీద గుర్తు పెడితే చాలు. చెవిని ముందే మూసుకుంటే ఆ గుర్తు కూడా దక్కదు.

పొలాన్ని చదవడం

యంత్రం కొనకముందే చేయాల్సిన పని కాగితాల మీద ఉంది. ఇంగ్లండ్‌లో 1836 చట్టం తర్వాత తయారైన టైద్ (చర్చికి చెల్లించే దశమభాగం) పటాలు ప్రతి మడికీ పేరు, యజమాని, సాగుదారు, వాడకం నమోదు చేశాయి. ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే పాత పటాల్లో తర్వాత కూలిపోయిన కొట్టాలు, పూడిపోయిన బావులు, చెరిపేసిన గట్లు, కాలిబాటలు కనిపిస్తాయి. కౌంటీ చారిత్రక దస్త్రంలో ఆ పొలంలో ఇదివరకే తెలిసిన పురావస్తు ఆనవాళ్లు ఉంటాయి. విమానం నుంచి లేజర్‌తో తీసిన లైడార్ చిత్రాల్లో పాత సాళ్ల మిట్టపల్లాలు బయటపడతాయి. వీటన్నిటికీ తోడు కుటుంబంలోని పెద్దలున్నారు. గుర్రాలను ఎక్కడ కట్టేవారు, కోతల్లో కూలీలు ఏ చెట్టు నీడన తినేవారు, పాత గేటు ఏ మూల ఉండేది అన్న సంగతులు ఏ పటంలోనూ దొరకవు. వాటిని అడిగి రాసుకోవడం శోధనలో భాగమే.

అనుమతి సంగతి కుటుంబంలోనూ కాగితం మీదే తేలాలి. పొలం ఒకరి పేరున ఉండి కౌలుకు మరొకరు చేస్తుంటే ఇద్దరి సమ్మతీ కావాలి. అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి అయితే అందరి సంతకం అవసరం. విలువైనది దొరికితే పంపకం ఎలాగో ముందే రాసుకోని చోట, దొరికాక మాట మారడం సహజం. భూమిలోని గ్యాస్ పైపులు, కరెంటు కేబుళ్ల జాడ తెలుసుకోవడమూ ఈ దశలోనే జరగాలి.

గుర్తించడం, తవ్వడం, రాయడం

విత్తడానికి ముందు, దుక్కి మట్టి కాస్త అణిగాక శోధన తేలిక. పొలానికి అడ్డంగా తాళ్లు కట్టి, రెండు మీటర్ల ఎడంతో సమాంతర వరుసల్లో నడవాలి. పళ్లేన్ని నేలకు ఆనీ ఆననట్టు, ఎత్తకుండా ఊపాలి. ఒక చోట ధ్వని వచ్చిందనుకుందాం. అదే చోటు మీద రెండు దిక్కుల నుంచి, శిలువ గీత గీసినట్టు, పళ్లెం ఊపితే వస్తువు ఎక్కడుందో తేలుతుంది. పచ్చిక నేల అయితే మూడు వైపులా కోసి, నాలుగో వైపు అంటుకునే ఉండగా గడ్డి చాపను తలుపులా పక్కకు తెరవాలి. తీసిన మట్టిని ఒక గుడ్డ మీద పోయాలి. గుంటను మళ్లీ పరీక్షించి, ధ్వని మట్టిలోకి మారిందా, ఇంకా గుంటలోనే ఉందా చూడాలి. చేతిలో పట్టే పిన్‌పాయింటర్‌తో మట్టి గడ్డను వెతికి, వేళ్లతోనే విడదీయాలి. పార అంచు తగిలితే మెత్తని వెండికి గాటు పడుతుంది. వస్తువును రుద్దకూడదు, కడగకూడదు. జిప్ సంచిలో వేసి, సంచి మీద వరుస సంఖ్య, జీపీఎస్ అంకె, లోతు, తేదీ రాసి, మట్టిని గుంటలో నింపి, గడ్డి చాప మూసి, కాలితో అదమాలి. మూయని గుంటలో పశువు కాలు విరగవచ్చు.

నాగలి లోతుకు దిగువన ధ్వని వస్తే, లేదా ఒకే చోట చాలా వస్తువులు కనిపిస్తే, తవ్వడం ఆపాలి. పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ తరఫున ఆ కౌంటీలో వస్తువులు నమోదు చేసే ఫైండ్స్ లియజాన్ ఆఫీసర్‌కు కబురు పెట్టాలి. యుద్ధకాలపు గుండు, బాంబు వంటిది కనబడితే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పాలి.

నమోదు విలువ: కొన్ని పొలాల సాక్ష్యం

సఫక్ కౌంటీలోని హాక్సన్ గ్రామంలో ఒక కౌలురైతు పొలంలో సుత్తి పోగొట్టుకున్నాడు. దాన్ని వెతకడానికి 1992 నవంబరు 16న డిటెక్టర్‌తో వచ్చిన ఎరిక్ లాస్‌కు రోమన్ కాలపు బంగారు, వెండి నాణేలు తగిలాయి. కొంత తీశాక అతను పార పక్కన పెట్టి అధికారులకు తెలిపాడు. మర్నాడే పురావస్తు బృందం తవ్వింది. 14,865 నాణేలు, వెండి పాత్రలు, బంగారు ఆభరణాలు బయటపడ్డాయి. అన్నీ ఓక్ పెట్టెలో పేర్చినట్టే ఉండటంతో, లోపల చిన్న తాళాలున్న పెట్టెలు ఉండేవని, ఏది దేని పక్కన సర్దారో శాస్త్రజ్ఞులు చెప్పగలిగారు. సంపదకు 17.5 లక్షల పౌండ్ల విలువ కట్టారు. సుత్తి కూడా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది. 2009లో స్టాఫర్డ్‌షైర్‌లో దొరికిన ఆంగ్లో-శాక్సన్ బంగారం దీనికి భిన్నం. 32.85 లక్షల పౌండ్ల విలువ కట్టిన ఆ నిధి దుక్కిలో చెదిరిపోయి ఉంది. దాన్ని ఏ గోతిలో, దేనిలో దాచారో తెలిపే జాడ మిగలలేదు.

నిధులకంటే గట్టి సాక్ష్యం నిధులు లేని పొలాల నుంచి వస్తుంది. సఫక్ కౌంటీలోనే ఉన్న రెండిల్‌షమ్‌లో రాత్రిళ్లు దొంగతనంగా డిటెక్టర్లతో చొరబడేవారి బెడద భరించలేక భూయజమాని కౌంటీ పురావస్తు శాఖను ఆశ్రయించాడు. 2008 నుంచి 2014 వరకు నలుగురు శోధకులు ఆ పొలాలను పద్ధతిగా గాలించి, ప్రతి వస్తువు చోటునూ నమోదు చేశారు. వాటి సాంద్రతే ఎనిమిదో శతాబ్దపు చరిత్రకారుడు బీడ్ పేర్కొన్న తూర్పు ఆంగ్లియా రాజుల నివాసం ఇదేనని చూపించింది. ఆ తర్వాత 2022 తవ్వకాల్లో 23 మీటర్ల పొడవైన రాజభవనం పునాదులు బయటపడ్డాయి. బాస్వర్త్ సంగతి ఇంకా స్పష్టం. 1485లో మూడో రిచర్డ్ మరణించిన ఆ యుద్ధరంగం ఒక కొండ మీద ఉందని చాలామంది నమ్మేవారు. 2005-09 మధ్య చేల మీద జరిగిన శోధనలో ముప్పైకి పైగా సీసపు గుండ్లు, రిచర్డ్ చిహ్నమైన పందిబొమ్మ ఉన్న వెండి బిళ్ల, ఆ కొండకు సుమారు 3 కిలోమీటర్ల దూరంలో దొరికాయి. ఒక్కో సీసపు గుండుకు అంగట్లో విలువ లేదు. వరుసగా పటం మీద పెట్టినప్పుడు అవి యుద్ధరంగాన్నే జరిపాయి.

తెలుగు నేల మీద ఇదే సూత్రాన్ని కోటిలింగాల నిరూపించింది. గోదావరి ఒడ్డున ఆ గ్రామంలో దొరికిన నాణేల్లో శాతవాహన వంశ స్థాపకుడు చిముకుని పేరున్నవీ, అతనికి ముందటి గోభద, నారన వంటి పాలకులవీ ఉన్నాయి. తొలి శాతవాహనులకు తెలంగాణతో ఉన్న సంబంధంపై చర్చ అంతా ఆ నాణేలు అక్కడే దొరికాయన్న దాని మీదే నిలబడింది. ఊరు తెలియని చిముక నాణెం ఆ చర్చలో దేనికీ పనికిరాదు.

అభ్యంతరాలు

నాగలి ఏటా ఎలాగూ చెదరగొడుతోంది కదా, వీలైనంత త్వరగా అంతా తవ్వి తీయడమే రక్షణ కదా అన్నది మొదటి అభ్యంతరం. ఇందులో సగం నిజం. దున్నిన పొరలో వస్తువుల లోతుకు అర్థం పోయిందన్నది వాస్తవమే. కానీ అవి అడ్డంగా పెద్దగా దూరం జరగవు. రెండిల్‌షమ్, బాస్వర్త్ పటాలు సాధ్యమైంది అందుకే. కాబట్టి పైపొరలో తీయడం సమర్థనీయమే, చోటు రాస్తేనే. నాగలి చేరని కింది పొరకు ఈ వాదన వర్తించదు. అక్కడ గోడ, గోయి, పొయ్యి ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. డిటెక్టర్ వెంట పార దిగితే చెడగొట్టేది నాగలి కాదు, శోధకుడే.

రెండో అభ్యంతరం పురావస్తు వర్గాల నుంచి వస్తుంది. ఈ పని లోహాన్నే చూస్తుంది, ఎముకనూ పెంకునూ వదిలేస్తుంది, అందువల్ల గతం వక్రంగా కనిపిస్తుంది, కాబట్టి ఐర్లండ్‌లో లాగా అనుమతి పత్రం లేనిదే చేయనివ్వకూడదు అంటారు. వక్రత గురించిన మాట సరైనదే. పెంకులు, కాలిన రాళ్లు కనిపించిన చోటునూ పుస్తకంలో రాయడమే శోధకుడు దానికి చేయగల పరిహారం. కఠిన నియంత్రణ విషయంలో మాత్రం నార్ఫక్ అనుభవం మరోవైపు మొగ్గుతుంది. అడ్డుకట్ట వేసిన చోట శోధన దాక్కుంటుంది, దాక్కున్న శోధన చోటు చెప్పదు. నమోదు చేస్తే దొంగలకు దారి చూపినట్టే కదా అన్న భయమూ నిజమైనదే. రెండిల్‌షమ్ పేరును 2014 వరకు బయటపెట్టకపోవడం, బహిరంగ దస్త్రంలో సున్నితమైన చోట్లను ఉజ్జాయింపుగానే చూపడం అందుకే.

చట్టం (చూ. నిధి నిక్షేపాలు)

ఇంగ్లండ్, వేల్స్‌లలో రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా డిటెక్టర్ వాడటం 1979 చట్టం ప్రకారం నేరం. ట్రెజర్ చట్టం కింద 300 ఏళ్లు దాటి, పది శాతమైనా బంగారమో వెండో ఉన్న వస్తువులు నిధి కిందికి వస్తాయి. నాణేలైతే ఒకే నిక్షేపంలోని రెండో అంతకంటే ఎక్కువో ఉండాలి. 2023 జూలై నుంచి అసాధారణ చారిత్రక ప్రాముఖ్యం ఉన్న 200 ఏళ్ల పైబడ్డ లోహవస్తువులనూ చేర్చారు. దొరికినదాన్ని 14 రోజుల్లో విచారణాధికారి అయిన కరోనర్‌కు తెలపాలి. మ్యూజియం తీసుకుంటే బహుమతి సాధారణంగా దొరికించినవారికీ భూయజమానికీ చెరిసగం. 2015లో హెరిఫర్డ్‌షైర్‌లోని ఒక పొలంలో వైకింగుల కాలపు నిధిని దాచి అమ్ముకున్న ఇద్దరికి 2019లో దీర్ఘకాల జైలుశిక్ష పడింది. ఆల్‌ఫ్రెడ్, రెండో కియోల్‌వుల్ఫ్ రాజుల మైత్రిని చూపే అరుదైన నాణేలున్న ఆ నిధిలో చాలా భాగం ఇప్పటికీ దొరకలేదు. స్కాట్లండ్‌లో దొరికిన ప్రాచీన వస్తువులపై హక్కు ప్రభుత్వానిదే.

భారతదేశంలో ఇంగ్లండ్‌లోని ఏర్పాటు లేదు. గుప్తనిధుల కోసం గుళ్లు, కోటలు తవ్వే ముఠాల వల్ల ఇక్కడ డిటెక్టర్ పట్టుకున్నవారిపై అనుమానం రావడం సహజం. రక్షిత ప్రాంతాల్లో అనుమతి లేని తవ్వకం 1958 కేంద్ర చట్టం కింద, రాష్ట్రాల చట్టాల కింద నిషిద్ధం. వందేళ్లు దాటిన పురావస్తువుల ఎగుమతిని 1972 చట్టం వ్యక్తులకు నిషేధించింది. సొంత పొలమైనా 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం వర్తిస్తుంది. నేలలో దాగి దొరికిన దేని విలువైనా పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు లిఖితపూర్వకంగా తెలపాలి. హక్కుదారులెవరూ లేరని తేలి, వేరే ఒప్పందం లేకపోతే, దొరికించినవారికి మూడు వంతులు, భూయజమానికి ఒక వంతు. ప్రభుత్వం కావాలనుకుంటే వెల చెల్లించి తీసుకోవచ్చు. దాచిపెడితే ఏడాది వరకు జైలు, జరిమానా, లేదా రెండూ. కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ దుక్కిలో ఏదైనా బయటపడితే రైతు చేయాల్సింది నాగలి ఆపి, కడగకుండా, చోటు గుర్తుపెట్టి కబురు చేయడమే. కలెక్టర్‌కు ఇచ్చే ఆ నోటీసులో వస్తువు స్వభావం, సుమారు విలువతో పాటు అది దొరికిన చోటు, తేదీ కూడా ఉండాలని చట్టంలోని నాలుగో సెక్షన్ చెబుతోంది.